బండి ముందా, రొక్కము ముందా?

ఇటీవల మా వీథిలోని యొక కుటుంబమున క్రొత్త కారు కొనవలెనా, మానవలెనా యను చర్చ పక్షము దినములు సాగినది. గృహస్థు ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు. ఇల్లు స్వంతము. ఎవరికిని పైసా బాకీ లేదు. ఈ మాటను ఆయన తన పట్టములకంటె నెక్కువ గర్వముతో చెప్పుకొనును. వాహన మనగా పదునాలుగేండ్లనాటి స్కూటరొకటి. మోకాళ్ల నొప్పులచే దంపతు లిరువురకును దానిమీద వెనుకటివలె తిరుగుట సాధ్యము కాకున్నది. ఉద్యోగస్థుడైన కుమారుడు ధరలు విచారించి వచ్చి, “చేతినున్నది కొంత కట్టి, ఎనిమిది లక్షలు అప్పు తీసికొన్నచో నెలకు 12,871 రూపాయలు చాలు నమ్మా” యనెను. తల్లి “ఎన్ని నెలలు నాయనా?” యని యడిగెను. కుమారుడు కొంచెము సే పూరకుండి “ఎనుబదినాలుగు” అని చెప్పెను.

ఆ సమయమున నేనును అచ్చటనుండుట తటస్థించినది. ఒకే బేరమునుగూర్చి తల్లియు కుమారుడును వేఱువేఱు ప్రశ్నలు వేసికొనుచున్నారని నాకు తోచినది. కుమారుని ప్రశ్న నెల కెంత యనునది. తల్లి ప్రశ్న ఎప్పటికి తీరు ననునది. ఈ రెండు ప్రశ్నల నడుమ నూఱేండ్ల చరిత్ర కలదు. వెల యెంత యని యడిగెడి లోకము నెల కెంత యని యడుగుట నేర్చుకొన్నది అమెరికాలో. నేర్చుకొన్న కాలము ముఖ్యముగా 1919కిని 1929కిని నడుమ. నేర్పిన వస్తువు మోటారుకారు.

కారుకంటె ముందు కుట్టుమిషను వచ్చినది. 1856లో సింగరు కంపెనీ భాగస్వామియైన ఎడ్వర్డు క్లార్కు ఒక యుపాయము కనిపెట్టెను. అప్పటికి యంత్రము వెల నూఱు డాలర్లకు పైబడి యుండెను. సామాన్య సంసారి యొక్కమాఱుగా నంత సొమ్ము తీయజాలడు. క్లార్కు కొద్ది రొక్కము పుచ్చుకొని యంత్రమును ఇంటికి పంపి, తక్కినది నెలనెలకు అద్దెవలె వసూలుచేసి, వెల తీరినపిమ్మట యంత్రము కొన్నవారిదే యగునట్లు ఏర్పాటు చేసెను. ఇందులో నొక న్యాయ మున్నది. యంత్రము కుట్టుకూలి తెచ్చును, కూలి కిస్తును తీర్చును. కోతయంత్రమును అప్పుమీద తెచ్చుకొని, పంట చేతికి వచ్చినపిమ్మట బాకీ కట్టిన అమెరికా రైతుల పద్ధతియు నిట్టిదే. పంటమీద తీర్చెదనని యెడ్లజతను కొన్న మన రైతునకును ఈ లెక్క తెలియనిది కాదు. సంపాదించి పెట్టు వస్తువునకై చేసిన అప్పు వేఱు, అనుభవించుటకై చేసిన అప్పు వేఱు అని ఉభయదేశముల పెద్దలును తలచుచుండిరి. మనవా రీ రెండవదానికి “అప్పుచేసి పప్పుకూడు” అని పేరు పెట్టిరి.

ఇంగ్లాండులో ఈ అద్దెకొనుగోలు పియానోలకును, ఇంటి సామానులకును ప్రాకెను. దాని లోపలి మర్మము 1895లో ప్రభువులసభ తీర్చిన యొక వ్యాజ్యమువలన బయటపడినది. నెలకు పది షిల్లింగుల ఆఱు పెన్నీల చొప్పున 36 నెలలు కట్టుటకు ఒడంబడి, హెల్బీ యను వర్తకునియొద్ద పియానో తీసికొనిపోయిన యొకడు కొన్ని కిస్తులు మాత్రము కట్టి, దానిని మాథ్యూసు అను వడ్డీవ్యాపారియొద్ద కుదువ పెట్టెను. వస్తువు ఎవరిది? తీసికొన్నవాడు ఎప్పుడైనను కట్టుట మాని వస్తువును తిరిగి యప్పగింపవచ్చును గావున అతడు కొనుటకు బద్ధుడు కాడనియు, కడపటి కిస్తు చెల్లువఱకును పియానో హెల్బీదే యనియు న్యాయమూర్తులు తీర్చిరి. అనగా ముప్పదియైదు కిస్తులు కట్టినవాడును ఆ వస్తువునకు అద్దెదారుడే. కొన్నానని యతడు చుట్టములతో చెప్పుకొనవచ్చును. చట్టము మాత్ర మొప్పుకొనదు.

ఇక కారు సంగతి. 1908 అక్టోబరులో హెన్రీ ఫోర్డు తన ‘మోడల్ టి’ బండిని బజారున పెట్టినప్పుడు దాని వెల 850 డాలర్లు. 1913లో కర్మాగారమున బండి పనివానియొద్దకే నడచివచ్చు వరుస నేర్పఱచెను. ఏటేట వెల తగ్గింపసాగెను. 1925 నాటికి ఐదుగురు కూర్చుండదగిన అదే తరహా బండి 290 డాలర్లకు దొరకుచుండెను. బీదవానికి కారు నందజేయుటకు వెల తగ్గించుట యొక్కటియే మార్గమని ఫోర్డు నమ్మకము. అప్పన్నను, అప్పిచ్చు బ్యాంకిదారులన్నను ఆయనకు గిట్టదు. పల్లెటూరి రైతుబిడ్డ, చేతిలో డబ్బుంచుకొని కొనుటయే పెద్దమనిషితనమని పెరిగినవాడు. ఆయనకు వేఱు దోషములు పెక్కు కలవు, అవి యిచ్చట మనకు పని లేదు.

పోటీదారైన జనరల్ మోటార్సువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. 1919లో వారు కారులమీద అప్పిచ్చుటకే యొక ప్రత్యేక సంస్థను స్థాపించిరి. కంపెనీ ఆర్థికవ్యవహారములను చూచుచుండిన జాన్ రాస్కబ్ అనువాడు ఇందుకు ముఖ్యుడు. కొనువాడు వెలలో మూడవవంతు మొదట కట్టవలెను, తక్కినది సుమారు పండ్రెండు నెలలలో తీర్చవలెను. ఈ యేర్పాటు బీదవాని కోరిక తీర్చుటకు పుట్టినదని సాధారణముగా చెప్పుదురు. అసలు కథ వేఱు. ఆ కాలపు బండ్లలో హెచ్చుభాగము మీద మూతలేనివి. ఆ దేశపు శీతకాలములో మంచునకును బురదకును వానిలో నెవ్వరును తిరుగరు. కావున అమ్మకము వసంత గ్రీష్మములలోనే. కర్మాగారము మాత్రము ఏడాది పొడుగునను నడచిననే గాని గిట్టుబాటు కాదు. శీతకాలమున తయారైన బండ్లను ఎవరు మోయవలెను? అమ్మకపుదారులు మోయవలెను. వారియొద్ద అంత మూలధనము లేదు; కారు విలాసవస్తు వని బ్యాంకులు వారికి అప్పీయవు. ఆ చిక్కు విప్పుకొనుటకై కంపెనీలు అమ్మకపుదారునకు అప్పిచ్చుట ఆరంభించి, ఆ చేతితోనే కొనువానికిని ఇచ్చిరి. గృహస్థు మెడకు చుట్టుకొన్న ఈ త్రాటి మొదటి కొస, శీతకాలమున కర్మాగారపు పెరటిలో నిలిచిపోయిన బండ్లకు కట్టబడి యున్నది.

దీనికి ప్రతిగా ఫోర్డు 1923లో ప్రకటించిన పథకమును నేను చదివినప్పుడెల్ల నాకు జాలియు, గౌరవమును కలుగును. వారమున కైదు డాలర్లు కట్టుడు. ఆ సొమ్ము మీ పేర బ్యాంకిలో నుండును. దానికి వడ్డీ కూడ వచ్చును. వెలకు సరిపోయినంతనే బండి తీసికొనిపొండు. 290 డాలర్ల బండికి ఏబదియెనిమిది వారములు. అప్పు లేదు, పత్రము లేదు, జప్తు లేదు. వడ్డీ యెదురు వచ్చును. మన ఇండ్లలో ఆడవారు పోపులపెట్టెలో దాచుకొను పద్ధతిని ఒక మహాకర్మాగారము చేపట్టిన ట్లున్నది. లక్షలమంది పేర్లు వ్రాయించుకొనిరి. బండి దక్కువఱకు నిలిచినవారు మాత్ర మందులో కొంద ఱయిరి. తక్కినవారు నడుమనే మానివేసిరి. ఎదుటి అంగడిలో మూడవవంతు కట్టినవాడు ఆ సాయంకాలమే బండిలో ఇంటికి పోవుచుండగా, ఏడాదికి పైగా కనిపెట్టుకొని యుండుట కెవరికి మనసొప్పును? 1928లో ఫోర్డు కంపెనీయు అప్పిచ్చు సంస్థను పెట్టుకొనక తప్పినది కాదు. 1920 దశాబ్ది నడుమకే ఆ దేశమున అమ్ముడుపోవు క్రొత్త బండ్లలో మూడింట రెండు వంతులకు మించి కిస్తులమీదనే పోవుచుండెను.

కిస్తు వచ్చినతోడనే వస్తువుయొక్క స్వభావము కూడ మాఱినది. ఫోర్డు బండి చాలకాలము నల్లరంగు దొక్కటియే. 1924 ప్రాంతమున త్వరగా నారు క్రొత్త రంగులు రాగా జనరల్ మోటార్సువారు వానిని పట్టుకొనిరి. ఆల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వమున వారు వెలల మెట్లేర్పఱచి, ఏటేట రూపు మార్చు ఆచారము పెట్టిరి. నిరుటి బండి యీ యేటికి పాతబడెను. పాతది తెచ్చి యిచ్చిన దాని విలువ మొదటి సొమ్ములో చెల్లుపెట్టుకొందుమనిరి. దీనితో బాకీ తీరిన దినము సంతోషదినము గాక, మఱియొక బాకీకి ముహూర్త మయ్యెను. వెల తగ్గించుటను నమ్మిన ఫోర్డు 1927లో, కోటియేబది లక్షల బండ్లు చేసిన తర్వాత, మోడల్ టి తయారీని నిలిపివేయవలసివచ్చినది. నెలకు మఱికొన్ని డాలర్లు మాత్రమే హెచ్చని చెప్పగా జనులు మేలైన బండినే కోరిరి. చవుకబండి కోరువారికి ఇతరులు తిరిగి యిచ్చివేసిన పాతబండ్లు ఇంకను చవుకగా దొరకినవి.

ఈ మార్పు సంసారములలో నెట్లు కనబడినదో తెలిసికొనుటకు మన కొక మంచి సాక్ష్యము కలదు. రాబర్టు లిండు, హెలెను లిండు అను దంపతులు 1924-25లో ఇండియానా రాష్ట్రములోని మన్సీ పట్టణమున నివసించి, అచ్చటి జీవనమును పరిశీలించి 1929లో గ్రంథము ప్రకటించిరి. బయటికి దీనముగా కనబడు ఇండ్లలో నుండి కారుగల కుటుంబములు ఇరువదియాఱింటిని వారడుగగా, ఇరువదియొక్క ఇండ్లలో స్నానపుతొట్టి లేదని తేలినది. బట్టలు లేకున్నను ఓర్చుకొందుము గాని కారు విడువ మని చెప్పిన తల్లులు కలరు. ఇంటిని తాకట్టుపెట్టి బండి కొన్నవారును కలరు. దీనిని చూచి నవ్వుట సులభము. అయితే ఆ తల్లుల పక్షమునను కొంచె మాలోచింపవలెను. ఆదివారమున పిల్లలతో ఊరు దాటి పోవుటకు, భర్తయు బిడ్డలును ఒకచోట కూర్చుండుటకు వారికి దొరకిన సాధన మదియే. కర్మాగారమున దినమంతయు నిలువబడిన భర్తకు స్నానపుతొట్టి యిచ్చు సుఖమును, బండి యిచ్చు స్వేచ్ఛయు సమానము కావు. బీదవాడు సుఖపడిన తప్పని చెప్పు పెద్దలు మనదేశమునను తక్కువవారు కారు.

కొలంబియా విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రాచార్యుడు సెలిగ్మన్ ఈ పక్షమునే గొప్పగా సమర్థించెను. 1927లో వెలువడిన ఆయన గ్రంథము రెండు సంపుటములు. దానికి పూనుకొనుమని కోరినవాడు పైన చెప్పిన రాస్కబే యని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. అంతమాత్రమున వాదము త్రోసివేయదగినది కాదు. ఉత్పత్తికై చేసిన అప్పు మంచిది, అనుభోగమునకై చేసిన అప్పు చెడ్డది యను భేదము నిలువదని ఆయన చెప్పెను. కారు కార్మికుని పనికి చేర్చును, వైద్యుని రోగియొద్దకు చేర్చును. అది యుత్పత్తియా, అనుభోగమా? కిస్తు కట్టవలసినవాడు ఆదాయమును ముందుగా లెక్కించుకొని నడచుకొనును. చేతిలో మిగిలిన డబ్బును చిల్లరగా పోగొట్టుకొనువానికి అదియొక నిర్బంధపు పొదుపు. ఈ మాటలలో సత్య మున్నది. ఫోర్డు పథకములో నడుమనే మానినవారు కిస్తులు మాత్రము తప్పక కట్టుటయే యిందుకు నిదర్శనము. స్వేచ్ఛగా కట్టు ఐదు డాలర్లు తప్పినవి, భయముతో కట్టు నెలసరి తప్పలేదు.

ఆ భయ మెట్టిదో 1929 అక్టోబరు తర్వాత తెలిసినది. ఆనాటి కిస్తు పత్రములు మిక్కిలి కఠినములు. ఒక్క కిస్తు తప్పినచో అమ్మినవాడు బండిని పట్టుకొనిపోవచ్చును. అప్పటివఱకు కట్టినది సామాన్యముగా తిరిగి రాదు. పండ్రెండింట తొమ్మిది కట్టినవాడు మూడింటికై బండిని, తొమ్మిది కిస్తుల సొమ్మును గూడ పోగొట్టుకొనవలెను. పనులు పోవుననెడి వార్తలు రాగానే సంసారులేమి చేసిరి? కిస్తు మానలేదు. తక్కినవన్నియు మానిరి. బట్టలు, చెప్పులు, ఇంటిసామాను, చిన్నచిన్న ఖర్చు లన్నింటిని కోసికొని కారు కిస్తు కట్టిరి. అంగడులలో కొనువారు లేక మఱికొందఱి పనులు పోయెను. 1930లో అమెరికా ప్రజల వ్యయ మంత హఠాత్తుగా పడిపోవుటకు ఈ కిస్తుల భారమొక ముఖ్యకారణమని మార్తా ఓల్నీ యను అర్థశాస్త్రజ్ఞురాలు 1999లో ప్రకటించిన వ్యాసమున నిరూపింప బూనినది. ఆ మాంద్యమునకు కారణములు పెక్కు. దీని నొక్కదానినే పట్టుకొనుట పొరపాటు. అయినను సంసారి కోణమునుండి చూచువారికి ఇంతకంటె ముఖ్యమైన సంగతి లేదు. అప్పు లేనివాడు ఆదాయము తగ్గినప్పుడు అన్నింటిని కొంచెము కొంచెముగా తగ్గించుకొనును. అప్పున్నవానికి తగ్గింపరానిది ఒకటి యుండును. దాని వంతుకూడ పాలలోను, బియ్యములోను తగ్గవలెను. 1929లో నలువదినాలుగు లక్షల కారులు చేసిన దేశము 1932లో పదునొకండు లక్షలు మాత్రమే చేసినది. నెలసరికి అలవాటుపడిన కర్మాగారమును ఆ నెలసరియే మూసివేసినది.

వడ్డీ సంగతి వేఱుగా చెప్పవలెను. మన యిండ్లలో నేటికిని మోసపోవు చోటు ఇదియే. 1935లో అమెరికాలోని కారు అప్పుల కంపెనీలు ‘ఆఱు శాతము’ అని పెద్ద అక్షరములతో ప్రకటనలు చేసినవి. నూఱు డాలర్లు అప్పు తీసికొని ఏడాదిలో పండ్రెండు సమభాగములుగా తీర్చువాడు సగము సంవత్సరము గడచునప్పటికి సగము అసలు తిరిగి యిచ్చివేసి యుండును. ఏడాదిమొత్తముమీద సగటున వానియొద్ద నుండునది ఇంచుమించు ఏబదియైదు డాలర్లు. వడ్డీ మాత్రము తుదివఱకు నూఱుమీద లెక్కింపబడును. అనగా ఆఱు కాదు, పదునొకండు శాతమునకు పైమాట. ప్రభుత్వపు వ్యాపారసంఘ మీ ప్రకటనలను తప్పుపట్టి నిషేధించెను. 1940లో అప్పీలు న్యాయస్థాన మా నిషేధమును స్థిరపఱచెను. మనదేశమున ఈ లెక్కకు ‘ఫ్లాటు వడ్డీ’ యని పేరు. తగ్గుచున్న అసలుమీద లెక్కించు వడ్డీతో దీనిని పోల్చి, ఇదియే చవుక యని సంతోషించు చదువుకొన్నవారిని నేనెఱుగుదును.

1938వ సంవత్సరము ఈ కథలో స్మరింపదగినది. ఆ యేట ఇంగ్లాండులో ఎలెను విల్కిన్సన్ అను పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టి అద్దెకొనుగోలు చట్టమును తెచ్చినది. మూడవవంతు కట్టిన వస్తువును న్యాయస్థానపు ఉత్తరువు లేక పట్టుకొనిపోరాదు. సగము చెల్లించినవాడు వస్తువును తిరిగి యిచ్చి ఋణబంధమునుండి తొలగవచ్చును. రొక్కపు వెల వేఱుగా వ్రాసి చూపవలెను. కడపటి కిస్తుల యెదుట మంచములను, కుట్టుమిషనులను ఎత్తుకొనిపోవు దౌర్జన్యమునుండి బీదస్త్రీల సంసారములను కాపాడుట ఆమె యుద్దేశము. మోటారుబండ్లకు మాత్ర మా రక్షణ ఏబది పౌనులలోపు వెలగలవానికే. క్రొత్తకారు కొన్నవాడు దాని నీడకు రాలేదు. ఆ సంవత్సరమే మన చెన్నపురి రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసినది. ఆంధ్రజిల్లాలు అప్పుడా రాజధానిలోనివే. అసలునకు రెండింతలు చెల్లించిన రైతుయొక్క అప్పు తీరిపోయినట్లే యని అందలి యొక నియమము. ఋణము పెరుగుట కొక హద్దుండవలెనను మన ప్రాచీన ధర్మశాస్త్రపు మాట ఇట్లు మరల చట్టమున కెక్కినది. సముద్రమునకు ఇరుప్రక్కలను ఒకే యేట చట్టము ఋణగ్రస్తుని వైపు ముఖము త్రిప్పిన దని నాకు తోచును.

స్వతంత్రభారతమున వాహనపు అప్పు మొదట లారీలతో వేళ్లూనినది. చెన్నపురిలో 1954లో స్థాపింపబడిన సుందరం ఫైనాన్సువంటి సంస్థలు కిస్తులమీద లారీల నిప్పించినవి. లారీ నడుపువాడు లారీకి యజమాను డగుటకు వేఱు దారి లేదు. ఇది సింగరు న్యాయమే. బండి కిరాయి తెచ్చును, కిరాయి కిస్తు తీర్చును. విజయవాడ ప్రాంతమున ఈ విధముగా పైకి వచ్చిన లారీ యజమానులను చూచినవారికి అప్పెల్ల పాపమని చెప్పిన నవ్వు వచ్చును. సంసారుల స్కూటరు, కారుల విషయమున మాత్రము మనదేశము చాలకాలము తెలియకయే ఫోర్డు పథకమును నడిపినది. ముందుగా సొమ్ము కట్టి పేరు వ్రాయించుకొని, ఏండ్లతరబడి కనిపెట్టుకొని యుండవలెను. అది పొదుపుగుణమువలన గాక బండ్ల కొఱతవలన వచ్చిన ఓర్పు. 1983 డిసెంబరులో మారుతి వచ్చుటయు, 1991 తర్వాత బ్యాంకులు ఇంటింటికి వచ్చి అప్పిచ్చుటయు జరుగగా ఆ ఓర్పునకు పని లేకపోయినది.

చట్టము సంగతి విచారకరము. విల్కిన్సన్ చట్టమువంటి అద్దెకొనుగోలు చట్టమును మన పార్లమెంటు 1972లో చేసినది. చేసినదే గాని అమలుపఱచలేదు. ముప్పదిమూడేండ్లు కాగితముమీద నిద్రించి, 2005లో అది రద్దయిపోయినది. ఈలోపల అద్దెకొనుగోలు పోయి, బండి కొన్నవాని పేరనే యుండి అప్పిచ్చినవానికి హామీగా నుండు పద్ధతి హెచ్చినది. 1988 మోటారువాహనముల చట్టప్రకారము రిజిస్ట్రేషను పత్రముపై ఋణదాత పేరు కూడ నెక్కును. కిస్తు తప్పినవారి బండ్లను బలవంతులచేత లాగించుకొనిపోవుటను 2007లో సుప్రీముకోర్టు ఖండించి, వసూలు న్యాయమార్గముననే జరుగవలెనని చెప్పెను. 2024 అక్టోబరు 1వ తేదీనుండి రిజర్వుబ్యాంకు ఉత్తరువు ననుసరించి, ప్రతి సంసారికిని అప్పిచ్చుటకు ముందు వాస్తవమైన వార్షికపు వడ్డీయు, ఇతర ఖర్చులును ఒక పత్రముమీద వ్రాసి చూపవలసి యున్నది. ఆ పత్రమును చదువక సంతకముచేయు అలవాటు మాత్రము ఉత్తరువులచే పోవునది కాదు.

మా వీథి వారి లెక్కను ఈ చరిత్రతో కలిపి చూచితిమి. ఎనిమిది లక్షలు, సాలుకు తొమ్మిది శాతము, తగ్గుచున్న అసలుమీద వడ్డీ. ఎనుబదినాలుగు నెలలలో చెల్లునది ఇంచుమించు 10,81,000 రూపాయలు. అందులో వడ్డీ 2,81,000. ముప్పదియాఱు నెలలలో తీర్చినచో నెలకు 25,440. వడ్డీ 1,16,000 మాత్రము. కుమారుని 12,871 రూపాయలనే నెలనెల బ్యాంకిలో వేసి, ఆఱు శాతము వడ్డీ వచ్చునని యనుకొన్నచో, ఏబదియైదు నెలలకు ఎనిమిది లక్షలు కూడును. ఇది ఫోర్డు లెక్క. ఎనుబదినాలుగునకును ఏబదియైదునకును నడుమ ఇరువదితొమ్మిది నెలలు. ముందుగా బండి యెక్కుటకు చెల్లించు వెల యదియే. ఉపాధ్యాయునకు ఈ లెక్క మిక్కిలి నచ్చినది. ఆయన ఫోర్డును మెచ్చుకొనుచు, కుమారుని వైపు చూచెను. అప్పటికి కారు వెల పెరుగదా, మోకాళ్లు ఏబదియైదు నెలలు ఆగునా యని కుమారుడు అడిగినదియు న్యాయమే.

అప్పుడు ఆ యిల్లాలు చెప్పిన మాట నేను ఎదురు చూడలేదు. “మీ నాన్నగారు ఎన్నడును అప్పు చేయలేదు, నిజమే. నూతికి మోటారు వేయించుటకు రొక్కము కూడవలెనని తొమ్మిదేండ్లు ఆగినారు. ఆ తొమ్మిదేండ్లు నీళ్లు తోడినది నేను” అని యామె మెల్లగా అనెను. ఉపాధ్యాయుడు మాటాడలేదు. అప్పు లేని గౌరవము ఎవరి పేర వ్రాసికొందుమో, దాని వెల వారే చెల్లించిరా యని విచారించుట మన లెక్కలలో లేదు. లిండు దంపతుల గ్రంథమునను తల్లులు బట్టలు మానుకొనిన సంగతి యున్నది. మన ఋణరహిత గృహములలో నెవరేమి మానుకొనిరో వ్రాసిన గ్రంథము నాకు కనబడలేదు.

ఆమె కారు వద్దనలేదు, కావలెననియు ననలేదు. నెలకెన్నిమాఱులు ఆసుపత్రికిని, గుడికిని, కుమార్తె యింటికిని పోవలసియుండునో వ్రేళ్లమీద లెక్కించి, అన్నింటికి అద్దెకారు పిలిచిన నేమగునో కుమారుని కాగితము వ్రాయుమనెను. మూడేండ్లు వాడిన బండి చేతనున్న రొక్కమునకు వచ్చునేమో విచారింపుమనెను. అప్పే తీసికొనవలసి వచ్చినచో మూడేండ్లకు మించరాదనియు, అతని యుద్యోగము పోయినను ఆఱునెలల కిస్తులు వేఱుగా నుండవలెననియు చెప్పెను. ఆ కాగిత మింకను పూర్తి కాలేదు. ఈ నడుమ పాత స్కూటరునకు వెనుక చక్రపు టైరు మాత్రము మార్పించినారు.